వాడని పది నిమిషాలు

ఆ ఉదయం కూనో విమానం దగ్గరికి రాలేదు. జరిగిందంతా అక్కడ మొదలైంది.

1945 జనవరి. ఓల్డెన్‌బుర్గ్‌కు దక్షిణాన, పొయ్యిల్లోకి పీట్ అనే బురదమట్టి తవ్విన నల్ల గుంటల మధ్య మా ఎయిర్‌ఫీల్డ్. చలి సున్నాకు పదిహేను డిగ్రీలు కిందికి దిగి మూడు రోజులైంది. పసుపు రంగు ఏడో నంబరు యుద్ధవిమానానికి నేను పెద్ద మెకానిక్‌ని. కూనో హాబర్‌లాండ్ నాతోపాటు పనిచేసే రెండో మెకానిక్. ఆరేళ్లుగా ఇద్దరం ఒకే ఇంజిన్ మీద చేతులు కాల్చుకున్నాం. అతను పనికి ఐదు నిమిషాలు ఆలస్యంగా రావడం కూడా నేను ఎరగను.

ఏడు గంటలకు బారక్‌లోకి వెళ్లాను. కూనో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన బకెట్. బకెట్‌లోంచి వాసన.

"లేవరా. ఎనిమిదికి అలర్ట్."

"తల పగిలిపోతోందిరా వోల్క్‌మార్."

"ఏం తాగావ్?"

దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"నిన్నే అడిగేది. ఏం తాగావ్?"

"నిన్న నాకు నలభై నిండాయి. దానికి కూడా నీ సంతకం కావాలా?" అన్నాడు గోడతో.

మంచం కింద గ్యాస్ మాస్క్ ఫిల్టర్ డబ్బా కనిపించింది. విప్పి ఉంది. దాని పక్కన సగం నిండిన సీసా.

ఆ సీసాలో ఉన్నదేమిటో చెప్పాలంటే మా ఇంజిన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. దానికి మామూలు బలం ఒకటి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడుకునే బలం ఇంకొకటి. పైలట్ సీటు వెనక ఒక ట్యాంకు ఉంటుంది. అందులో సగం మిథనాల్, సగం నీళ్లు. స్విచ్ వేసి థ్రాటిల్‌ని చివరికంటా తోస్తే ఆ మిశ్రమం సన్నటి జల్లుగా ఇంజిన్‌లో పడుతుంది. లోపల చల్లబడిన ఇంజిన్ మామూలుగా భరించలేనంత గాలిని మింగుతుంది. మూడు వందల పైచిలుకు గుర్రాల శక్తి అదనంగా వస్తుంది. అలా పది నిమిషాలే. స్విచ్ వెయ్యకపోతే ఆ అదనపు గాలి పోనే పోదు. స్విచ్ వేశాక జల్లు పడకుండా అంత గాలి పోయిందా, పిస్టన్‌ల నెత్తి కరిగి చిల్లు పడుతుంది. తొంభై సెకన్లు చాలు.

మిథనాల్ విషమని మెకానిక్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ మిశ్రమంలో తుప్పు పట్టకుండా కొద్దిగా నూనె కలుపుతారు. విషమంతా ఆ నూనెలోనే ఉందనీ, గ్యాస్ మాస్క్ బొగ్గులోంచి వడకడితే నూనె పోయి తాగే సారా మిగులుతుందనీ మా ఎయిర్‌ఫీల్డ్‌లో ఎవడో పుట్టించాడు. వడకడితే వాసన నిజంగానే పోయేది. వాసన పోయింది కదా అని నమ్మేవాళ్లు.

"వడకట్టాన్రా," అన్నాడు కూనో. "రెండుసార్లు. నీకూ సగం ఉంచాను, మంచం కింద చూడు."

సీసా తీసుకెళ్లి బయట మంచులో పారబోశాను. కూనోని భుజం మీద వేసుకుని వైద్యశాలకి తీసుకెళ్లాను. అక్కడి నర్సు ఏమైందని అడిగితే "పాడైన సాసేజ్ తిన్నాడు" అన్నాను. విమానం మిశ్రమం దొంగిలించడమంటే ఆ రోజుల్లో విధ్వంసం కింద లెక్క. విధ్వంసానికి విచారణ పది నిమిషాలు, తర్వాత ఇసుక గుంటలో గోడకి నిలబెట్టి కాల్చేయడం.

అక్కణ్నుంచి పసుపు ఏడు దగ్గరికి పరిగెత్తాను.

ప్రతి ఉదయం ట్యాంకులోంచి ఒక సీసాడు మిశ్రమం తీసి ద్రవం సాంద్రత చెప్పే హైడ్రోమీటర్ వేసి చూడటం నా పని. ఆ గాజు గొట్టం తొమ్మిది వందల ముప్ఫై గీత దగ్గర తేలాలి. నీళ్లు ఎక్కువైతే మిశ్రమం బరువెక్కుతుంది, గొట్టం పైకి తేలుతుంది. ఆ రోజు తొమ్మిది వందల యాభై దగ్గర నిలిచింది. మళ్లీ వేశాను. మళ్లీ యాభై.

అంతే, బొమ్మ మొత్తం నా కళ్లకు కట్టింది. కూనో మా ట్యాంకులోంచి తోడుకున్నాడు. మట్టం తగ్గితే నాకు తెలుస్తుందని నీళ్లు పోశాడు. ఆ నీళ్లతో విమానం తొమ్మిది వేల మీటర్ల ఎత్తుకి, యాభై డిగ్రీల చలిలోకి పోతుంది. సన్న గొట్టాల్లో గడ్డకడుతుంది. పైలట్ జోబ్స్ట్ స్విచ్ వేస్తాడు. జల్లు రాదు. పిస్టన్‌లు కరుగుతాయి.

ఇంజినీరు కెప్టెన్ రాడెమాఖర్ ఆఫీసు అక్కడికి రెండు వందల అడుగులు. వెళ్లి చెబితే విమానం ఆగిపోతుంది, జోబ్స్ట్ నేల మీద ఉంటాడు. మరుక్షణం మిశ్రమం ఏమైందని అడుగుతారు. కూనోకి హానోవర్‌లో ఇద్దరు ఆడపిల్లలు. ట్యాంకు ఖాళీ చేసి కొత్తది నింపుదామంటే డిపో నుంచి పది రోజులుగా పీపా రాలేదు.

అక్కడే నిలబడి ఉండగా జోబ్స్ట్ కెర్న్ వచ్చాడు. పసుపు ఏడు పైలట్. లెఫ్టినెంట్. ఇరవై రెండేళ్లు. చేతిలో నల్ల రొట్టె ముక్క, దాని మీద బీట్‌రూట్ పాకం.

"ఏంటి పెద్దాయనా, శవం పక్కన నిలబడ్డట్టు నిలబడ్డావ్?"

"లెఫ్టినెంట్ గారూ, ఒక మాట."

"ఒకటి కాదు, నీ దగ్గర ఎప్పుడూ నాలుగుంటాయి. ఆయిల్ చూడు, వేడి చూడు, ఎక్కువ తొయ్యకు, పది నిమిషాలు దాటకు. అన్నీ కంఠతా వచ్చు."

"ఇవాళ ఆ స్విచ్ అసలు ముట్టుకోవద్దు."

అతను నమలడం ఆపాడు.

"ఎందుకు?"

"పంపు మీద నాకు నమ్మకం లేదు. జల్లు రాకపోతే ఇంజిన్ పోతుంది. మామూలు బలంతో బ్రహ్మాండంగా నడుస్తుంది, దానికి నాది పూచీ."

"పంపు బాలేకపోతే కాగితం మీద రాసి విమానం ఆపాలి కదా. ఆపలేదేం?"

నేను నేల చూశాను. అతను నా ముఖంలోకి చూసి, చుట్టూ చూసి, అప్పుడడిగాడు.

"కూనో ఏడి?"

"ఒంట్లో బాలేదు."

"ఊఁ." రొట్టె చివరి ముక్క నోట్లో వేసుకుని చేతులు దులుపుకున్నాడు. అతనికి ఎంత అర్థమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. "మొత్తం పదకొండు విమానాలు. నేను కింద కూర్చుంటే నా జతగాడు ఒంటరిగా పోవాలి. వాడికి ఇది రెండో ఎగరడం. సరే. ముట్టుకోను."

"మాటివ్వండి."

"ఇచ్చాను కదయ్యా. మా నాన్న రైలింజన్ నడుపుతాడు, వ్యూర్ట్స్‌బుర్గ్‌లో. ఆయన ఒకటే చెప్పేవాడు, ఇంజిన్ గురించి డ్రైవరుకంటే బొగ్గు వేసేవాడి మాట ముందు వినమని. నువ్వు చెప్పావ్, నేను విన్నాను." రెక్క మీదికి ఎక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఉన్నవి పది నిమిషాలు. అవీ లాక్కున్నావ్. రేపు తిరిగివ్వాలి మరి."

"రేపు ఇస్తాను," అన్నాను.

పట్టీలు నేనే బిగించాను. ఎనిమిదీ పదికి లేచిపోయారు.

అక్కణ్నుంచి యాభై నిమిషాలు నేనేం చేశానో గుర్తులేదు. తొమ్మిదింటికి పడమటి నుంచి ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. జోబ్స్ట్ జతగాడి విమానం తోకలో చిల్లులతో దిగింది. నాలుగు, ఐదు, ఆరు. రాడెమాఖర్ ఆఫీసులోంచి బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ముసలాయన, చెవులకి ఉన్ని పట్టీ. పైలట్‌లు రావడం ఆయన కళ్లతో కాదు, చెవులతో లెక్కపెట్టేవాడు.

"మనదొకటి వస్తోంది," అన్నాడు. "వెనక రెండు, మనవి కావు."

పీట్ గుంటల మీదుగా, చెట్ల నెత్తుల ఎత్తులో పసుపు ఏడు వస్తోంది. వెనక రెండు అమెరికన్ యుద్ధవిమానాలు, మస్టాంగ్‌లు. మా విమానవిధ్వంసక తుపాకులు ఉన్నది ఫీల్డ్‌కి ఈ అంచున. అవి అందుకునే దూరంలోకి రావాలంటే జోబ్స్ట్‌కి ఇంకా ఆరేడు కిలోమీటర్లు. ఒక నిమిషం ముందుండగలిగితే చాలు.

ఆ స్విచ్ వేస్తే మాకు కిందికి తెలుస్తుంది. ఇంజిన్ గొంతు మారుతుంది. పై స్థాయిలో ఏడుస్తున్నది ఒక్కసారి ఛాతీలోంచి మాట్లాడినట్టు బొంగురుపోతుంది. పొగగొట్టాల దగ్గర తెల్లటి ఆవిరి గీత పడుతుంది.

"వెయ్యి," అన్నాడు రాడెమాఖర్ మెల్లగా. "వెయ్యి నాన్నా. ఇంకా దేనికి దాచుకుంటున్నావ్?"

గొంతు మారలేదు.

"ఎందుకు వెయ్యడు? వోల్క్‌మార్, ఎందుకు వెయ్యడు వాడు?"

నేనూ వింటున్నాను. ఒక్కసారి మారాలని, నా మాట మర్చిపోవాలని, ఇంజిన్ పోతే పోనీ అని. అదే స్వరం. నేను పొద్దున పూచీ ఇచ్చిన ఇంజిన్, చివరిదాకా ఒక్క తప్పు లేకుండా, బ్రహ్మాండంగా నడిచింది.

మస్టాంగ్ రెక్కల అంచుల్లో మెరుపులు కనిపించాయి. చప్పుడు తర్వాత వచ్చింది. పసుపు ఏడు ఒక రెక్క కిందికి వేలాడేసి, బర్చ్ చెట్ల వరస వెనక దిగిపోయింది. అది నేలను తాకిన చప్పుడు మాదాకా వచ్చింది.

ట్రక్‌లో వెళ్లాం. పీట్ నేల మెత్తన కాబట్టి విమానం మంటల్లో కాలలేదు, సగం దిగబడింది. జోబ్స్ట్ సీట్లోనే ఉన్నాడు. పట్టీలు నేను బిగించినట్టే ఉన్నాయి. అతన్ని తీసి దుప్పటి మీద పడుకోబెట్టాక రాడెమాఖర్ కాక్‌పిట్‌లోకి వంగి చాలాసేపు చూశాడు.

"థ్రాటిల్ చివరికంటా ఉంది," అన్నాడు. "స్విచ్ మాత్రం వెయ్యలేదు. ట్యాంకు నిండా మిశ్రమం పెట్టుకుని, వెయ్యడం మర్చిపోయాడు. కంగారుపడి ఉంటాడు పాపం."

జేబులోంచి పుస్తకం తీసి పెన్సిల్‌తో రాశాడు. 'అత్యవసర శక్తి అందుబాటులో ఉంది. పైలట్ ఉపయోగించలేదు. పైలట్ పొరపాటు.'

నేను నోరు తెరవలేదు. తెరిస్తే కూనో చస్తాడు. ఒకరు పోయారు, రెండోవాణ్నైనా దక్కించుకుందాం అనుకున్నాను. జోబ్స్ట్ తలకింద నా టోపీ పెట్టి ట్రక్‌లోకి ఎత్తాను.

పన్నెండింటికి వైద్యశాలకి వెళ్లాను. కిటికీ పక్క మంచం. బయట ఎండ, మంచు మీద పడి గదంతా తెల్లగా వెలిగిపోతోంది. కూనో కళ్లు తెరుచుకునే ఉన్నాయి, కానీ తలుపు చప్పుడు వైపు చూడాల్సిన కళ్లు కొంచెం పక్కకి చూస్తున్నాయి.

"ఎవరు?"

"నేనేరా."

"గదిలో మంచు కురుస్తోందా వోల్క్‌మార్? కళ్లు తెరిస్తే మంచే పడుతోంది. ఇంకేం కనబడట్లేదు."

మంచం అంచు మీద కూర్చున్నాను. అతని చెయ్యి నా కోటు వెతుక్కుని పట్టుకుంది. డాక్టరు తలుపు దగ్గర నిలబడి నా వైపు తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. సాసేజ్ కథ ఆయన నమ్మలేదు. కాగితం మీద మాత్రం అదే రాశాడు.

"కోప్పడకు," అన్నాడు కూనో.

"కోపం లేదు."

"ఉంది. నీ ఊపిరి నాకు తెలుసు. వడకడితే పోతుందన్నార్రా."

ఆగలేకపోయాను. "తాగితే తాగావ్. మన ట్యాంకులో నీళ్లెందుకు పోశావ్? జోబ్స్ట్ గుర్తురాలేదా నీకు?"

కూనో తల ఎత్తాలని చూశాడు.

"మన ట్యాంకా? మన ట్యాంకు ఎవడు ముట్టాడు?"

"మరెక్కణ్నుంచి తెచ్చావ్?"

"పసుపు మూడు. హ్యాంగర్ వెనక కాళ్లు విరిగి పడుంది కదా, క్రిస్మస్ నుంచి. దాని ట్యాంకులోంచి తోడాను. అదింక ఎగరదు కదా." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "నన్నేమనుకున్నావ్రా నువ్వు? ఆ పిల్లాడు ఎగిరే విమానంలో నీళ్లు పోస్తానా? ఆరేళ్లయింది నాతో. అంతే తెలిసిందా?"

ఆ మాటకి అతని మీద నాకు ఒక్క క్షణం నమ్మకం కలగలేదు. కలిగితే జోబ్స్ట్ నా మాట వల్లే పోయినట్టవుతుందని తెలుసు కాబట్టి కలగనివ్వలేదు.

లేచి హ్యాంగర్ వెనక్కి వెళ్లాను. పసుపు మూడు ట్యాంకు మూత పక్కన రబ్బరు గొట్టం వేలాడుతోంది. కింద మంచులో మోకాళ్ల గుర్తులు.

మా పనిగుడిసెలోకి వచ్చాను. పొద్దున నేను తీసిన మిశ్రమం సీసా పనిముట్ల పెట్టెలో ఉంది. గుడిసెలో పొయ్యి అప్పటికి రాజుకుని రెండు గంటలైంది. సీసా వెచ్చగా ఉంది. హైడ్రోమీటర్ వేశాను.

తొమ్మిది వందల ముప్ఫై.

తర్వాత నా అంతట నేనే ప్రయోగం చేశాను, బడిపిల్లాడిలాగా. సీసా తీసుకెళ్లి బయట మంచులో గుచ్చాను. అరగంట ఆగాను. మళ్లీ కొలిచాను. తొమ్మిది వందల యాభై.

హైడ్రోమీటర్ గీతలు గది వేడికి గీసినవి. చలికి ఏ ద్రవమైనా చిక్కబడి బరువెక్కుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. అందుకే మా పద్ధతి ఒకటుంది. సీసా తెచ్చి పొయ్యి పక్కన పెట్టి, పొయ్యి లేకపోతే చొక్కా లోపల చంకలో పెట్టుకుని, వెచ్చబడ్డాకే కొలవాలి. మూడు నెలలుగా నేను రోజూ చేసిందదే. కొత్తగా వచ్చినవాళ్లకి చెవులు మెలిపెట్టి నేర్పిందీ నేనే. ఆ ఒక్కరోజు పొద్దున బొగ్గు రాలేదు, అలర్ట్ ముంచుకొచ్చింది, రెక్క మీదే నిలబడి కొలిచేశాను. యాభై కనిపించగానే ఎందుకని ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, ఎందుకంటే జవాబు అప్పటికే నా దగ్గరుంది. ఆ గీతను నా కళ్లు చదవలేదు. కూనో మీద అనుమానం చదివింది.

మిశ్రమం బాగానే ఉంది. పంపు బాగానే ఉంది. స్విచ్ వేస్తే పది నిమిషాలు వచ్చేవి. జోబ్స్ట్‌కి కావలసింది ఒకటి.

నాలుగింటికి రాడెమాఖర్ ఆఫీసు తలుపు తట్టాను. ఆయన టైప్ మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు, వ్యూర్ట్స్‌బుర్గ్‌కి ఉత్తరం సగం అయింది.

"కూర్చో. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తాడట కదా. ఏం రాయాలో తోచట్లేదు. నివేదిక నకలు కూడా జతచెయ్యాలంటున్నారు."

"అతను మర్చిపోలేదు సార్. నేనే వెయ్యొద్దన్నాను."

అంతా చెప్పాను. కూనో తాగాడన్నది కూడా. అది దాచితే మిగతాదానికి అర్థం ఉండదు. ఆయన టైప్ మిషన్ మీంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకుని విన్నాడు.

"హాబర్‌లాండ్ ఎలా ఉన్నాడు?"

"రేపటికి ఉండడట."

"అయితే వాణ్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. నువ్వు మాత్రం ఉన్నావ్." ఉన్ని పట్టీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది కాగితం మీద పెడితే నిన్ను తీసుకెళ్తారు. తెలుసు కదా? తెలియక చేశాడంటే నమ్మరు. నమ్మినా తూర్పున కందకాల్లో పడేస్తారు. నాకు మిగిలిన మంచి మెకానిక్‌లు నలుగురు. పోయినవాడు ఎలాగూ పోయాడు."

"వాళ్ల నాన్న ఆ నకలు చదువుతాడు సార్."

"చదువుతాడు."

"కొడుకు స్విచ్ ఎక్కడుందో తెలియక చచ్చాడనుకుంటాడు. ఇంజిన్ నడిపే మనిషి."

రాడెమాఖర్ నివేదిక ముందుకు లాక్కుని, పైలట్ పొరపాటు అన్న మాట మీద గీత కొట్టి, దాని పైన రాశాడు. 'మెకానిక్ సూచన మేరకు పైలట్ ఉపయోగించలేదు. సూచన తప్పు. మిశ్రమం సరిగానే ఉంది.' రాసింది నా వైపు తిప్పాడు.

"సంతకం పెట్టు. రేపు పొద్దున వస్తారు నీకోసం. వెళ్లు."

ఆ నకలు వ్యూర్ట్స్‌బుర్గ్ చేరిందో లేదో నాకు తెలియదు. రెండు నెలల్లో ఆ ఊరే కాలిపోయింది. తూర్పు కందకాల్లోంచి బతికి వచ్చి, యుద్ధం అయ్యాక నేను రాసిన రెండు ఉత్తరాలూ చిరునామాదారు లేరని తిరిగొచ్చాయి.

సాయంత్రం ఐదింటికి కూనో దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఒళ్లు చల్లబడుతోంది. ఊపిరి పెద్ద పెద్ద దమ్ముల్లో వస్తోంది. నిద్రపోతున్నాడనుకున్నాను.

"చూశావా పసుపు మూడు?" అన్నాడు.

"చూశాన్రా. నీ మాటే నిజం. నేనే తప్పు కొలిచాను."

"నువ్వా? తప్పు కొలిచావా?" నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "నలభై ఏళ్లకి మంచి కానుకే ఇచ్చావ్. జోబ్స్ట్ దిగాడా?"

"దిగాడు."

"వాడాడా ఆ పది నిమిషాలు?"

"లేదు."

"అవసరం పడలేదన్నమాట. మంచిది." నా కోటు అంచు ఇంకా అతని గుప్పిట్లోనే ఉంది. "రేపు మళ్లీ ఉందా వాడికి?"

"లేదు. సెలవు."

"పడుకోనీ," అన్నాడు కూనో. "లేపకు. వాడికి నిద్ర చాలట్లేదు ఈ మధ్య."

లేపనన్నాను.